ఇంట్లో బార్‌కి ఏ గ్లాసులు కొనాలి, ఎలా పెట్టుకోవాలి?

హన్మకొండలో కొత్త ఇంట్లో చిన్న బార్ పెట్టుకుంటున్నా, గ్లాసులు ఏవి కొనాలి అని అడిగారు కదా. పెద్ద సెట్లు వద్దండి. అడుగు మందంగా ఉండే పొట్టి విస్కీ గ్లాసులు ఆరు, సోడాకి, బీరుకి 350 మి.లీ. పొడవాటివి ఆరు చాలు.

అసలు టెన్షన్ మన బోరు నీళ్లతోనే. కడిగి అలాగే ఆరబెడితే ఆ నీళ్లలోని కాల్షియం గాజు మీద తెల్లటి చారలు కడుతుంది, సబ్బుతో ఎంత తోమినా పోదు, వెనిగర్ కలిపిన గోరువెచ్చని నీళ్లలో పావుగంట నానబెట్టి, ఫిల్టర్ నీళ్లతో కడిగి వెంటనే నూలు గుడ్డతో తుడవాలి.

అల్మారాలో మూతి పైకే ఉండాలి, బోర్లిస్తే లోపల గాలాడక చెక్క వాసన పట్టేస్తుంది. ఒకదాంట్లో ఒకటి దోపకండి. ఇరుక్కుంటే మాత్రం లాగొద్దు, లోపలి గ్లాసులో చల్లటి నీళ్లు పోసి బయటిదాన్ని గోరువెచ్చని నీళ్లలో ఉంచితే అదే వదులవుతుంది.