నీళ్ల గిన్నె జోలికి వెళ్లకు

విజయనగరం

చిన్నీ,

నాలుగు వందల పాత స్టాంపులు కొన్నావట. కాగితాన్ని బట్టి వాటిని వేరు చేస్తానంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మన ఇంట్లో ఈ పిచ్చి నాతోనే పోతుందనుకున్నాను. సంతోషంగానే ఉంది గానీ, నీ తొందర తెలిసినవాణ్ని కదా, రాత్రంతా టెన్షన్.

స్టాంపు బిళ్లని పట్టకారుతో పట్టుకో. ఫ్యాన్ ఆపు. మంచి భూతద్దం కొను.

ముందు వెలుతురుకి ఎదురుగా పెట్టి చూడు. పొందూరు ఖద్దరుని ఎండకి పట్టి చూసినట్టు సన్నటి అల్లిక కనిపిస్తే వోవ్ కాగితం. దగ్గర దగ్గరగా చారలుంటే లెయిడ్. విక్టోరియా రాణి బిళ్లలుంటే రంగు కూడా చూడు. 1855లో నాలుగణాలు, ఎనిమిదణాల బిళ్లలు నీలి కాగితం మీద వేశారు, తర్వాత తెల్లకాగితానికి మారారు. 1865 నుంచి కాగితంలో ఏనుగు తల వాటర్‌మార్క్, అంటే కాగితం తయారీలోనే పడే గుర్తు, 1882 నుంచి నక్షత్రం. బిళ్లని నల్లటి పళ్లెంలో బోర్లా పెడితే చాలాసార్లు అదే కనబడుతుంది.

ఇక చాక్ పేపరు. దీని గురించే ఈ ఉత్తరం.

నేను టెన్త్ చదివేటప్పుడు మా నాయనమ్మ రేకు పెట్టెలో కొన్ని కవర్లుండేవి. ఆవిడ తమ్ముడు మలయా రబ్బరు తోటల నుంచి రాసినవి. వాటి మీద ఆరో జార్జి రాజు బొమ్మతో, అక్కడి బ్రిటిష్ వలస స్ట్రెయిట్స్ సెటిల్‌మెంట్స్ బిళ్లలు. ఆవిడ గుడికెళ్లినప్పుడు కత్తెరతో బిళ్లల చుట్టూ కత్తిరించి, వెనక అంటుకున్న కవరు ముక్క ఊడాలని గోరువెచ్చని నీళ్లలో వేశాను. మిగిలిన కవర్లు పొయ్యిలోకి పోయాయి. పెద్ద కలెక్టర్నైపోయాననుకున్నాను!

కాసేపటికి నీళ్లు ఊదారంగు తిరిగాయి. అవి చాక్ పేపరు బిళ్లలు. ఆ కాగితానికి పైన సుద్ద పూత ఉంటుంది, అచ్చు దాని మీదే పడుతుంది. తడిస్తే పూతా రంగూ కలిసి ఊడొస్తాయి. రాజుగారి ముఖం సగం గిన్నెలోనే ఉండిపోయింది.

నాయనమ్మ తిట్టలేదు. "ఊరి పేరున్న ముద్ర ఏదిరా?" అంది, అంతే. ఆవిడకి చదవడం రాదు. ఎవరొచ్చినా ఆ ముద్ర చూపించి ఊరి పేరు చదివించుకునేది. అది కవరు మీదికి సగం, బిళ్ల మీదికి సగం పడి ఉండేది. నేను కత్తిరించింది దాన్నే.

అందుకే కవరు మీదున్నవాటిని కత్తిరించావంటే ఊరుకోను. విడిగా ఉన్నవాటిని దీపం కింద వాల్చి చూడు, చాక్ పేపరైతే నున్నగా మెరుస్తుంది. వెండితో గీస్తే నల్లచార పడుతుందని ఎవరైనా చెప్తే వినకు. పడుతుంది, నిజమే, కానీ బిళ్ల పాడైపోతుంది. అనుమానంగా ఉంటే పక్కన పెట్టెయ్.

తిన్నావా లేదా గుంటా? అర్ధరాత్రి దాకా కూర్చోకు, మీ అమ్మ నన్నంటుంది.

పైడితల్లి పండక్కి రా. అప్పటి బిళ్లలు మూడు ఇంకా నా దగ్గరే ఉన్నాయి. పూత పోయినచోట వేలితో తడిమి చూద్దువుగాని.

మీ తాతయ్య