పాత బండి ప్రశ్నలు: కాలి కింద దిగిపోయే బ్రేక్ పెడల్

ప్రశ్న: మా బాపు కొన్న 1986 మోడల్ అంబాసిడర్ ఇంకా మా ఇంట్లోనే ఉంది. వెనక చక్రం దగ్గర బ్రేక్ ఆయిల్ కారుతుంటే మొన్న ఆ చక్రంలో బ్రేక్‌ను నెట్టే వీల్ సిలిండర్ మార్పించి, లైనులోని గాలి (ఎయిర్) తీయించాను. అప్పటి నుంచి సిగ్నల్ దగ్గర పెడల్ తొక్కిపట్టి ఉంచితే మెల్లగా కిందికి దిగిపోతోంది. గబగబా రెండుసార్లు తొక్కితే మళ్లీ పైకొస్తోంది. చక్రాల దగ్గర ఎక్కడా తడి లేదు. పెడల్ తొక్కితే ఆయిల్‌ను చక్రాలకు నెట్టే మాస్టర్ సిలిండర్ పోయిందట, కిట్ (లోపలి రబ్బర్ల సెట్) వేస్తే చాలంటున్నాడు మెకానిక్. మొన్నటిదాకా బాగున్నది ఉన్నట్టుండి ఎందుకు పోయింది? కిట్ సరిపోతుందా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ముందు బండి పక్కన పెట్టండి. ఈ స్థితిలో కాజీపేట బ్రిడ్జి ఎక్కొద్దు. ఆయిల్ డబ్బాలో గది ఒకటే ఉండి, సిలిండర్ నుంచి బయటికొచ్చే లైనూ ఒకటే అయితే, ఆ ఒక్కటి పోతే నాలుగు చక్రాలకూ బ్రేక్ ఉండదు. హ్యాండ్ బ్రేక్ ఒక్కటే మిగులుతుంది.

మీ మెకానిక్ మాట నిజమే. పెడల్ మెత్తగా స్పాంజిలా ఉంటే లైనులో గాలి ఉన్నట్టు. కిందికి వెళ్లాక గట్టిగా ఆగితే డ్రమ్ములు అడ్జస్ట్ చేయాలి. తొక్కిపట్టినప్పుడు మెల్లగా దిగుతూ, బయట ఎక్కడా తడి లేకపోతే, మాస్టర్ సిలిండర్ లోపల రబ్బరు కప్పు ఆయిల్‌ను వెనక్కి వదిలేస్తోందన్నమాట. పెడల్ రాడ్ దగ్గర, కింద కార్పెట్ మీద కూడా చెయ్యి పెట్టి చూడండి. అక్కడ తడి ఉంటే వెనక కప్పు కూడా పోయినట్టే.

ఉన్నట్టుండి ఎందుకు పోయిందంటే, రోజూ బ్రేక్ వేసేటప్పుడు మాస్టర్ సిలిండర్‌లో రబ్బరు కప్పును నెట్టే పిస్టన్ కొంత దూరమే కదులుతుంది. అంతమేర సిలిండర్ లోపలి గోడ నున్నగా ఉంటుంది. దాని అవతల ఏళ్ల తరబడి తేమ చేరి తుప్పు పడుతుంది. ఎయిర్ తీసేటప్పుడు ఒకరు పెడల్‌ను నేలకు ఆనేదాకా తొక్కుతారు. అప్పుడు కప్పు ఆ గరుకు భాగం మీదికి వెళ్లి అంచు చిరుగుతుంది. మీ బండికి జరిగింది ఇదేనని నాకు గట్టి నమ్మకం. అందుకే పాత బండికి ఎయిర్ తీసేటప్పుడు పెడల్ కింద చెక్క ముక్క పెట్టిస్తాను. మీ మెకానిక్‌కు కూడా చెప్పండి.

కిట్ సంగతి బోరు (సిలిండర్ లోపలి రంధ్రం) చూశాకే తేలుతుంది. విప్పించి, శుభ్రమైన గుడ్డతో తుడిచి, టార్చి వేసి చూడండి. గోరు తగిలే గుంట ఒక్కటున్నా కొత్త సిలిండరే వేయించండి. గరుకు కాగితంతో రుద్ది సరిపెడతామంటే ఒప్పుకోవద్దు. బోరు వెడల్పైతే కొత్త కప్పు కూడా ఆయిల్‌ను ఆపదు. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగింది కాబట్టి, చేతికొచ్చే సామాను ఏళ్లుగా అరలో ఉన్నది కావచ్చు. రబ్బరు గట్టిపడిందేమో వంచి చూడండి. పాత సిలిండర్‌ను వెంట తీసుకెళ్లి బోరు సైజు కలిపి చూడటం మరవొద్దు. సైజు పెద్దదైతే పెడల్ గట్టిపడి, ఎక్కువ బలంతో తొక్కాల్సి వస్తుంది.

బిగించేటప్పుడు నేను అన్నిటికంటే ఎక్కువ పట్టించుకునేది పుష్‌రాడ్ (పెడల్ రాడ్) ఖాళీ. పెడల్ వదిలినప్పుడు రాడ్‌కూ పిస్టన్‌కూ మధ్య కొద్దిగా సందు ఉండాలి. లేకపోతే ఆయిల్ డబ్బాలోకి తిరిగిపోయే రంధ్రం మూసుకుపోయి, బ్రేకులు వాటంతటవే పట్టేసి డ్రమ్ములు కాలిపోతాయి. ఎయిర్ దూరపు చక్రం నుంచి తీయాలి: వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, చివరికి ముందు కుడి. రంగు మీద ఆయిల్ పడితే వెంటనే నీళ్లు పోయండి, లేకపోతే పెయింట్ లేచిపోతుంది.

ప్రశ్న: మూత తీసిన బ్రేక్ ఆయిల్ సీసా రెండేళ్లుగా ఇంట్లో ఉంది. అదే పోయొచ్చా?
– ఒక పాఠకురాలు, పరకాల

జవాబు: వద్దమ్మా. మూత తీసిన ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్తదైతే కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కు అవే 230, 155. డ్రమ్ములు వేడెక్కినప్పుడు లోపల ఆవిరి పుట్టి పెడల్ కిందికి పోతుంది. సీలున్న చిన్న సీసా కొనండి. దొరకలేదని ఇంజిన్ ఆయిల్ మాత్రం పోయొద్దు, రబ్బర్లన్నీ ఉబ్బిపోతాయి.