మన కణం లోపల తిండి దొరక్కపోయినా టీబీ క్రిమి ఎలా బతుకుతుంది?

చక్కెర అందనప్పుడు మన కణాల్లోని కొవ్వునే తిండిగా మార్చుకునే ఎంజైములు టీబీ బాక్టీరియాకు ఉన్నాయి, బతికేది వాటి బలంతోనే.

రోగనిరోధక కణం క్రిమిని మింగి, ఆమ్లంతో, ఘాటైన రసాయనాలతో దాడి చేస్తుంది, తిండీ అందనివ్వదు. అప్పుడు క్రిమి దారి మారుస్తుంది. సోమశిల జలాశయం నీళ్లు సరిపోని ఏడాది నెల్లూరు రైతు వరి మానుకుని మినుము వేసినట్టన్నమాట. కొవ్వు విరిగితే రెండేసి కార్బన్ల తునకలొస్తాయి. మామూలు దారిలో ఆ రెండూ కార్బన్ డయాక్సైడుగా పోతాయి, ఒళ్లు కట్టుకోడానికి ఏమీ మిగలదు. ఐసోసిట్రేట్ లయేజ్ అనే ఎంజైము అడ్డదారి తెరిచి ఆ కార్బన్లను దక్కిస్తుంది. దీని రెండు రూపాల్నీ తీసేస్తే టీబీ క్రిమి ఎలుకల ఊపిరితిత్తుల్లో నిలవలేకపోయింది. మనుషుల్లో ఈ ఎంజైము లేదు, కొత్త మందులు వెతికేవాళ్లకు దీనిమీద అంత ఆశ అందుకే.

ఇలా తట్టుకోవడాన్నే చాలామంది 'మందుకు లొంగని టీబీ' అనుకుంటారు. కాదు. అది జన్యువు మారడం వల్ల వచ్చేది. ఇక్కడ జన్యువు మారలేదు, క్రిమి పెరగడం తగ్గించి అణిగి ఉంది, అంతే. అణిగిన క్రిమి మందులకు నిదానంగా చస్తుంది. కావలిలోనైనా ఒంగోలులోనైనా, 2 నెలలకే దగ్గు తగ్గినా మామూలు టీబీకి 6 నెలల కోర్సు పూర్తిగా వాడమనేది ఇందుకే.