మొదటి సొంత భాషకి గ్రామర్ ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: నమస్తే అండి. నేను రాసుకుంటున్న నవల కోసం సొంతంగా ఒక భాష తయారు చేస్తున్నా, ఇదే మొదటిసారి. శబ్దాలు, లిపి అయిపోయాయి. గ్రామర్‌కి వచ్చేసరికి పన్నెండు విభక్తులు, తొమ్మిది కాలాలు పెట్టి టేబుల్స్ అన్నీ నింపేశా కానీ రెండు వాక్యాలు రాద్దామంటే చెయ్యి ఆడట్లేదు, ఎలాగో రాసినా తెలుగు వాక్యంలో మాటలు మార్చినట్టే ఉంటోంది. ఎక్కడ దారి తప్పాను?

జవాబు: ముందు ఆ టేబుల్స్ పక్కన పెట్టండి, చింపక్కర్లేదు, తర్వాత పనికొస్తాయి. నా మొదటి భాషకీ ఇలాగే టేబుల్స్‌తోనే మొదలుపెట్టా, నెలలు గడిచాయి, "కుక్క పిల్లిని తరిమింది" అని చెప్పడానికి కూడా ఆ భాషలో దారి లేదని అప్పుడు తెలిసింది. అందుకే ఇప్పుడు ఎవరడిగినా ఆ వాక్యంతోనే మొదలుపెట్టమంటా.

మనం ఇక్కడే చేసి చూద్దాం. కుక్కకి కేవు, పిల్లికి నిల, తరమడానికి తోశ అనుకోండి. "కేవు నిల తోశ." ఎవరు ఎవర్ని తరిమారు? ముందు వచ్చిందే తరిమింది అని రూల్ పెట్టుకుంటే సరిపోతుంది, ఇంగ్లీష్ చేసేది అదే. లేదా తరమబడినదానికి ఒక గుర్తు తగిలించండి, "కేవు నిలష్ తోశ", ఇక మాటల్ని ఎటు తిప్పినా అర్థం చెడదు. జామెన్‌హాఫ్ అనే ఆయన 1887లో ఎస్పరాంటో అనే తన సొంత భాషని 16 రూల్స్‌తో బయటపెట్టినప్పుడు కర్మకి చివర "న్" పెట్టింది ఇందుకే, అందులో పిల్లిని ముందు చెప్పినా కుక్కని ముందు చెప్పినా తరిమింది ఎవరో తేడా రాదు.

ఇప్పుడు రెండో వాక్యం, "పిల్లి పారిపోయింది". పారిపోవడం రూవ అనుకుందాం. ఈ పిల్లి తరిమిన కుక్కలా గుర్తు లేకుండా ఉండాలా, తరమబడిన పిల్లిలా గుర్తు తగిలించుకోవాలా? కుక్కలా అంటే "నిల రూవ", మనకి అలవాటైన దారి ఇది. కానీ గుర్తుని తరిమినవాడికే పెట్టేసి "కేవుక్ నిల తోశ, నిల రూవ" అన్నా భాష నడుస్తుంది, అప్పుడు పారిపోయిన పిల్లీ తరమబడిన పిల్లీ ఒకే రూపంలో ఉంటాయి. స్పెయిన్, ఫ్రాన్స్ సరిహద్దులో మాట్లాడే బాస్క్ భాష ఇలా ఉంటుంది, హిందీ కూడా జరిగిపోయిన పనుల విషయంలో ఇటే మొగ్గుతుంది: "లడ్కా ఆయా" (అబ్బాయి వచ్చాడు)లో "నే" ఉండదు, "లడ్కే నే కితాబ్ పఢీ" (అబ్బాయి పుస్తకం చదివాడు)లో ఉంటుంది, పైగా అక్కడ క్రియ అబ్బాయిని వదిలేసి పుస్తకం వైపు తిరిగి స్త్రీలింగం అయిపోతుంది. రెండే వాక్యాలు, నాలుగు మాటలు, అప్పుడే మీ భాషకి వెన్నెముక వచ్చేసింది చూడండి!

ఇక తెలుగులా ఉంటోంది అన్నారు కదా, అసలు విషయం అదే. భాషాశాస్త్రవేత్త రోమన్ యాకబ్సన్ 1959లో ఒక మంచి సంగతి చెప్పారు, ఏ భాషలోనైనా ఏదైనా చెప్పొచ్చు, తేడా అంతా ఆ భాష మనచేత తప్పనిసరిగా చెప్పించేదాంట్లో ఉంటుందని. తెలుగులో ఎదుటివాళ్ళని కలుపుకుంటున్నామా లేదా అన్నది తేల్చుకోకుండా ఇంగ్లీష్‌లో "వీ" (we) అన్నట్టు అనలేం, మనం అనో మేము అనో అనాల్సిందే. "వచ్చింది" అంటే వచ్చింది ఆమె కావచ్చు, ఉత్తరం కావచ్చు, అదే బహువచనంలో "వచ్చారు", "వచ్చాయి" అని మనుషులూ మిగతావీ విడిపోతారు. "పుస్తకం చదివా" అంటాం, "పిల్లి చూశా" అనం, "పిల్లిని" అనాలి, ప్రాణం ఉన్నదానికి "ని" తప్పదు. ఇవన్నీ మనకి కనపడవు, కళ్ళజోడు పెట్టుకున్నవాడికి అద్దం కనపడనట్టు. మీ భాషలోకి తెలియకుండా జారేవి ఇవే. కాబట్టి మీ మనుషులు దేన్ని చెప్పకుండా నోరు తెరవలేరో ఒకటి రెండు మీరే నిర్ణయించండి. ఉదాహరణకి "వచ్చాడు", "వచ్చాడట". మనకి "అట" ఇష్టమైతే పెడతాం లేకపోతే లేదు, కానీ అమెజాన్ ప్రాంతంలోని తుయూకా భాషలో ఒక సంగతి చెప్పాలంటే అది కళ్ళారా చూశారా, విన్నారా, ఆనవాళ్ళు చూసి ఊహించారా, ఎవరైనా చెప్పారా అన్నది క్రియలోనే తెలియాలి. మీ నవలలో ఒకడు అబద్ధం చెప్పే సీన్ ఉందనుకోండి, ఈ ఒక్క రూల్‌తో ఆ సీన్ ఎలా మారిపోతుందో రాసి చూడండి.

మాటల వరస గురించి ఎక్కువ బుర్ర పెట్టక్కర్లేదు. క్రియ చివర పెడితే "బల్ల మీద"లాగా మీద, కింద లాంటివి నామవాచకం వెనక రావడం చాలా సహజం, 1963లో భాషాశాస్త్రవేత్త గ్రీన్‌బర్గ్ 30 భాషలు పోల్చి చూపించిన సంగతి ఇది. కర్మ ముందు, కర్త చివర వచ్చే వరస చాలా అరుదు, బ్రెజిల్‌లో హిష్కర్యానా భాష అలాంటిది, మార్క్ ఒక్రాండ్ స్టార్ ట్రెక్ సినిమాల్లోని గ్రహాంతరవాసుల కోసం తయారు చేసిన క్లింగాన్ భాషకి ఆ వరస పెట్టింది కూడా మనుషుల భాషలా వినపడకూడదనే.

ప్రశ్న: అన్ని రూల్స్‌నీ ఒక్క మినహాయింపు లేకుండా పెట్టాను. చదివినవాళ్ళు మెషీన్ భాషలా ఉందంటున్నారు. మినహాయింపులు కావాలనే పెట్టాలా అండి?

జవాబు: ఎవరి కోసం అన్నదాన్ని బట్టి. అందరూ తేలిగ్గా నేర్చుకోవాలంటే మినహాయింపులు లేకపోవడమే మంచిది, ఎస్పరాంటో బలం అదే. ఒక జాతి వందల ఏళ్ళు మాట్లాడిన భాషలా ఉండాలంటే మాత్రం కావాలి, కానీ ఎక్కడపడితే అక్కడ చల్లకండి. మినహాయింపులు ఎక్కువగా ఉండేది రోజూ వాడే మాటల్లో. మన "వచ్చాడు, వస్తాడు, రా, రాడు" చూడండి, ఒకే క్రియ, బయటివాళ్ళకి రెండు క్రియల్లా కనపడుతుంది. నోట్లో రోజూ నలిగే మాట కాబట్టి పిల్లలు ఉన్నదున్నట్టు నేర్చేసుకుంటారు, ఎప్పుడో ఒకసారి వచ్చే క్రియని మాత్రం జనం మామూలు రూల్‌లోకి లాగేస్తారు.

నాకు నచ్చిన పద్ధతి చెప్తా. ముందు శుభ్రమైన పాత భాష ఒకటి రాసుకుని దాన్ని అరగదీయండి. "చేస్తూ ఉన్నాను" అని రెండు మాటలుగా ఉన్నది "చేస్తున్నాను" అయింది, స్పీడుగా మాట్లాడితే "చేస్తున్నా" మిగిలింది, "ఉన్నాను" అనే ఒక పూర్తి క్రియ కాస్తా కాలం గుర్తుగా మారిపోయింది. మీ "తోశ" పక్కన నిలబడడం, వెళ్ళడం లాంటి క్రియ ఒకటి పెట్టి, రెండు తరాల వాళ్ళు తొందరగా పలికితే ఏమవుతుందో గట్టిగా పైకి అంటూ రాయండి, పైకి అనడం ముఖ్యం, కాగితం మీద అరుగుదల తెలియదు. రూపాలు వాటంతటవే వంకర తిరుగుతాయి, ప్రతి వంకరకీ వెనక ఒక కారణం ఉంటుంది కాబట్టి మెషీన్ భాష అని ఎవరూ అనరు.

ప్రశ్న: గ్రామర్ మొదలుపెట్టడానికి ముందు ఎన్ని మాటలు తయారు చేసుకోవాలి?

జవాబు: ముప్ఫై నలభై చాలు. సోన్యా లాంగ్ 2001లో బయటపెట్టిన టోకి పోనా అనే సొంత భాష 120 చిల్లర మాటలతోనే నడుస్తోంది, జనం అందులో కబుర్లు చెప్పుకుంటున్నారు. ఆ నలభై మాటలతో "రాలేదు", "రాడు", "రావద్దు" మూడూ విడివిడిగా చెప్పగలరో లేదో చూడండి, కాదనడాన్ని మొదటి భాషలో చాలామంది మర్చిపోతారు. తర్వాత "పిల్లిని తరిమిన కుక్క", "కుక్క తరిమిన పిల్లి" రాయండి. ఎక్కడ ఆగిపోతే అక్కడికి కావాల్సిన రూల్ మాత్రమే తయారు చేసి, ఆ రూల్ పక్కనే ఆ వాక్యం కూడా రాసిపెట్టుకోండి.