పల్టన్ నేస్తాన్ని వెతికేదెలా?

ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో పెన్షన్ గురించి, క్యాంటీన్ కార్డు గురించి, వైద్యం గురించి అడిగేవే ఎక్కువ. ఈసారి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి డబ్బుతో సంబంధం లేని ఉత్తరాలు కొన్ని వచ్చాయి. అన్నీ పాత పల్టన్ (సైనిక దళం) సహచరుల గురించినవే కనుక వాటిని ఒకచోట చేర్చి జవాబులు రాస్తున్నాను. సైన్యంలో గుమాస్తాగా చేరి సుబేదారుగా బయటికి వచ్చినవాడిని కాబట్టి నా మాటల్లో కాగితాల గొడవ కాస్త ఎక్కువగా ఉంటే పాఠకులు మన్నించాలి.

ప్రశ్న: మా నాన్నగారికి 76 ఏళ్లు. మద్రాస్ రెజిమెంట్‌లో పనిచేశారు. 1971 యుద్ధంలో పశ్చిమ సరిహద్దులో ఉన్నారు. అప్పుడు తనతో ఒకే ట్రెంచీలో ఉన్న కేరళ స్నేహితుడిని ఈమధ్య పదేపదే తలుచుకుంటున్నారు. మా దగ్గర ఉన్నవి ఒక ఫొటో, ఆ స్నేహితుడి పేరులో సగం. ఫేస్‌బుక్‌లో చూస్తే అదే పేరున్నవారు లెక్కకు మించి కనిపించారు. ఎలా వెతకాలి?
– ఒక పాఠకురాలు, నరసన్నపేట

జవాబు: అమ్మా, పేరు పట్టుకొని బయలుదేరడం వల్లనే మీకు దారి దొరకడం లేదు. సైన్యం కాగితాల్లో ముందు నంబరు, తరవాత ర్యాంకు, ఆ తరవాతే పేరు, చివర యూనిట్ ఉంటాయి. కేరళలో ఆ పేరు గలవారు ఎందరైనా ఉండవచ్చు గాని, ఆ ఏడాది ఆ బెటాలియన్‌లో, ఆ కంపెనీలో ఆ పేరుతో ఉన్నవారు ఒకరో ఇద్దరో ఉంటారు. అందుచేత స్నేహితుడి ఊరు వెతకడానికి ముందు మీ నాన్నగారి యూనిట్‌ను తేల్చుకోండి. మద్రాస్ రెజిమెంట్ అంటే చాలదు. 1758 నుంచి తన చరిత్ర చెప్పుకొనే ఆ రెజిమెంట్‌లో ఎన్నో బెటాలియన్లు ఉన్నాయి, ఒకదానివారికి మరొకదానివారు తెలియాలని లేదు. ఏ బెటాలియన్, అందులో ఆల్ఫా, బ్రావో, చార్లీ, డెల్టా కంపెనీల్లో ఏది, ప్లటూన్ నంబరు ఎంత అన్న మూడు సంగతులు ఆయనను అడిగి రాసుకోండి. నిన్న తిన్న కూర మరిచిపోయే వయసులో కూడా కంపెనీ పేరు మరిచిపోయిన సిపాయిని నేను చూడలేదు.

ఆయనకు గుర్తుకు రానివి ఉంటే ఇంట్లో ఉన్న నల్ల ట్రంకు పెట్టె తెరవండి. డిశ్చార్జి బుక్కులో ఆయన నంబరు, యూనిట్, చేరిన తేదీ, విడుదలైన తేదీ ఉంటాయి, పెన్షన్ ఉత్తర్వు మీద రికార్డ్ ఆఫీసు పేరు ఉంటుంది. 1971లో తూర్పున యుద్ధంలో పాల్గొన్నవారికి పూర్వీ స్టార్, పశ్చిమాన పాల్గొన్నవారికి పశ్చిమీ స్టార్ ఇచ్చారు. వీటితోపాటు సంగ్రామ్ మెడల్ కూడా ఉండవచ్చు. పతకం అంచునో వెనకవైపునో నంబరు, పేరు చెక్కి ఉంటాయి కాబట్టి మెత్తటి గుడ్డతో తుడిచి చదవండి గాని, ఇత్తడి బిందెలా చింతపండు వేసి తోమకండి, అక్షరాలు అరిగిపోతాయి. ఆనాటి ఇన్‌లాండ్ ఉత్తరాలను మీ అమ్మగారో నాయనమ్మగారో దాచి ఉంటే అవి అన్నిటికన్నా పనికొస్తాయి. వాటి మీద ఊరి పేరు ఉండదు, 56 ఏపీవో (ఆర్మీ పోస్టాఫీసు) అనో 99 ఏపీవో అనో ఉంటుంది. దళం ఎక్కడున్నదీ ఉత్తరం చూసి ఎవరూ కనిపెట్టకూడదని చేసిన ఏర్పాటు అది. తూర్పు ప్రాంతపు దళాలకు 99, మిగిలినవాటికి 56. అయినా పంపినవారి చిరునామాలో నంబరు, ర్యాంకు, యూనిట్ తప్పనిసరిగా రాసేవారు.

ఫొటోను కూడా ముందువైపే చూసి వదలకండి. స్టూడియోలో తీయించుకున్నదైతే వెనక స్టూడియో ముద్ర, ఊరి పేరు ఉండే అవకాశం ఉంది, దాన్నిబట్టి అప్పుడు ఎక్కడ ఉన్నారో నాన్నగారికి గుర్తుకు వస్తుంది. కంపెనీ అంతా కలిసి దిగిన ఫొటో అయితే కింది అట్ట మీద వరుసల వారీగా, ఎడమ నుంచి కుడికి పేర్లు అచ్చువేసి ఉంటాయి. ఆ అట్టను ఫ్రేములో పట్టలేదని కత్తిరించి పారేసిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి, మీరు ఆ పని చేయలేదని ఆశిస్తాను.

ఇక ఎవరికి రాయాలన్నది. మద్రాస్ రెజిమెంట్ సెంటర్, రికార్డ్ ఆఫీసు నీలగిరి కొండల్లోని వెల్లింగ్టన్‌లో ఉన్నాయి. ఇతర పాఠకుల కోసం చెబుతున్నాను: మద్రాస్ ఇంజినీర్లవారిది బెంగళూరు, ఆర్టిలరీవారిది నాసిక్ రోడ్, ఈఎంఈ (సైన్యపు యంత్రాల మరమ్మతు విభాగం) వారిది సికింద్రాబాద్, సిగ్నల్స్‌వారిది జబల్‌పూర్, నావికులది ముంబయి. రికార్డ్ ఆఫీసు ఒకరి చిరునామాను అడిగినవారికల్లా ఇవ్వదు, ఇవ్వకూడదు కూడా. కాబట్టి చిరునామా చెప్పమని అడగకుండా, నాన్నగారి నంబరు, యూనిట్ వివరాలతో ఒక వినతి రాసి, స్నేహితుడికి రాసిన ఉత్తరాన్ని దానికి జతచేసి, వీలైతే ఆయనకు చేర్చమని కోరండి. పెన్షన్ లేకుండా కొద్దికాలానికే బయటికి వచ్చినవారి పత్రాలను ఎల్లకాలం ఉంచరు, అలాంటప్పుడు అక్కడినుంచి జవాబు రాకపోవచ్చు.

నన్నడిగితే ఇంతకన్నా దగ్గరి దారి ఇంకొకటి ఉంది. ప్రతి బెటాలియన్‌కూ ఒక సుబేదార్ మేజర్ ఉంటారు. పాత పల్టన్‌వాళ్ల మంచిచెడ్డలు ఆయన చెవిన పడుతూనే ఉంటాయి, రైజింగ్ డేకు, అంటే బెటాలియన్ ఏర్పడిన రోజుకు, పాతవారిని పిలిచేదీ ఆ బెటాలియనే. ఆయన పేరిట మర్యాదగా ఒక ఉత్తరం రాయండి. స్నేహితుడి జిల్లా ఏదో గుర్తుంటే ఆ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి కూడా రాయండి. మాజీ సైనికులు తమ గుర్తింపు కార్డు కోసం సొంత జిల్లాలో పేరు నమోదు చేసుకుంటారు కాబట్టి అక్కడ ఆచూకీ దొరికే అవకాశం ఎక్కువ. ఒక మెలిక మాత్రం గుర్తుంచుకోండి: సిపాయిగా, హవల్దారుగా ఉన్నప్పటి నంబరు నాయబ్ సుబేదారు కాగానే మారి జేసీ (జూనియర్ కమిషన్డ్) అక్షరాలతో మొదలవుతుంది. పాత నంబరుతో దొరకలేదంటే మనిషి లేడని కాదు, పదోన్నతి పొంది ఉండవచ్చు.

బెటాలియన్ల పేరిట మాజీ సైనికులు నడుపుకొనే వాట్సాప్ గుంపులు కూడా ఉన్నాయి, పని త్వరగా జరిగేది వాటిలోనే. అయితే ఫొటో, కంపెనీ, సంవత్సరం మాత్రమే అందులో పెట్టండి. నాన్నగారి పెన్షన్ ఉత్తర్వు నంబరు గాని, ఆధార్ గాని, బ్యాంకు వివరాలు గాని పెట్టకండి. నేస్తం దొరికాడంటూ ఫోన్ చేసి ఓటీపీ అడిగితే అతడు పల్టన్ మనిషి కాడు.

ప్రశ్న: నా భర్త శాంతి సేనతో శ్రీలంక వెళ్లి వచ్చారు. అక్కడ ఏం జరిగిందో ఇన్నేళ్లలో నాకు ఒక్క మాట చెప్పలేదు. ఆనాటి స్నేహితులు ఇంటికి వస్తే మాత్రం తెల్లవారేదాకా నవ్వుకుంటూ మాట్లాడుకుంటారు. నేను అంత పరాయిదాన్నయ్యానా?
– ఒక సోదరి, చీపురుపల్లి

జవాబు: అమ్మా, మీరు ఒకసారి పక్క గదిలోంచి ఆ మాటలు వినండి. యుద్ధం గురించి ఉండేది తక్కువ. లంగర్‌లో (సైనికుల వంటశాలలో) మాడిపోయిన రొట్టెల గురించి, ట్రైనింగులో ఉస్తాద్ తిట్టిన తిట్ల గురించి, సెలవు మంజూరై రద్దయిన సంగతి గురించి, రిజర్వేషన్ లేకుండా హౌరా మెయిల్ మెట్ల దగ్గర కూర్చొని ఆమదాలవలస వరకు వచ్చిన ప్రయాణం గురించే ఉంటుంది. వారి మధ్య ఒకరు సగం మాట అంటే రెండోవారికి మిగతా సగం తెలుసు. మీకు చెప్పాలంటే ఆ చోటు ఎలా ఉండేదో, ఎవరు ఎవరో, ఎందుకు అలా చేయవలసి వచ్చిందో అంతా మొదటినుంచి చెప్పాలి, చెబుతూ చెబుతూ తాను దాటిపోదామనుకున్న చోటికే వచ్చి ఆగాలి. ఆ భయం వల్ల మాట్లాడరు గాని మీరు పరాయివారై కాదు.

శ్రీలంక వెళ్లినవారి విషయంలో మరొకటి కూడా ఉంది. 1987 జులై 29న భారత్, శ్రీలంకల మధ్య ఒప్పందం జరిగింది, మనవారు శాంతి కాపాడటానికని వెళ్లారు. అక్టోబరు వచ్చేసరికి ఆపరేషన్ పవన్ మొదలై, ఎవరి ఆయుధాలు అప్పగింపజేయడానికి వెళ్లారో ఆ ఎల్టీటీఈ (తమిళ పులులు) తోనే జాఫ్నాలో పోరాడవలసి వచ్చింది. సుమారు 1,200 మంది తిరిగి రాలేదు. మేజర్ రామస్వామి పరమేశ్వరన్‌కు మరణానంతరం పరమవీర చక్ర వచ్చింది అక్కడి పోరాటానికే. 1990 మార్చిలో చివరి దళం మద్రాసు రేవులో దిగితే అప్పటి తమిళనాడు ముఖ్యమంత్రి కరుణానిధి స్వాగతానికి వెళ్లలేదు. 1971 యుద్ధం నుంచి తిరిగి వచ్చినవారికి ఊరూరా దండలు వేశారు, వీరిని మాత్రం అసలు ఎందుకు వెళ్లారని అడిగారు. ఆ ప్రశ్నకు సిపాయి జవాబు చెప్పలేడు, చెప్పవలసినవాడూ అతడు కాడు. మౌనంగా ఉండటం నేర్చుకోవడంలో వింతేముంది?

మీరు యుద్ధం గురించి అడగకండి. పిల్లలు, మనవలు ‘ఎంతమందిని చంపావు తాతా’ అని అడగకుండా చూడండి, పసితనంతో అడిగినా ఆ ప్రశ్న మంచిది కాదు. అక్కడ ఏం వండుకొనేవారు, వాన ఎలా కురిసేది, మీ ఉత్తరం ఎన్నాళ్లకు అందేది అని అడగండి. ఆ స్నేహితుల భార్యలను కూడా రమ్మనండి. రేడియో వార్తలు వింటూ ఎదురుచూసిన రోజులు మీకూ ఉన్నాయి, అవి చెప్పుకోవడానికి మీకూ ఒక గుంపు ఉండాలి. అయితే ఆయన నిద్రలో ఉలిక్కిపడి లేవడం, చిన్న శబ్దానికి వణకడం, తాగుడు పెరగడం వంటివి ఉంటే వాటిని స్వభావమని సరిపెట్టుకోకండి, అది వైద్యం ఉన్న బాధ. ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు ఉంటే మానసిక వైద్యుడి దగ్గరికి ఆ పథకం ద్వారానే వెళ్లవచ్చు. మొదట ఫోన్‌లో మాట్లాడాలనుకుంటే టెలి మానస్ నంబరు 14416.

ప్రశ్న: మా ఊళ్లో ఇద్దరు పెద్దలు 1971 యుద్ధంలో ఉన్నారు. వారి జ్ఞాపకాలు మా కుర్రాళ్లం రికార్డు చేస్తున్నాం. యుద్ధం డిసెంబరు 16తో అయిపోయిందని ఒకరు, 17 రాత్రి దాకా కాల్పులు జరిగాయని మరొకరు పట్టుబట్టి, మాటా మాటా పెరిగి ఇప్పుడు మాట్లాడుకోవడం లేదు. ఎవరిది తప్పు?
– ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: ఎవరిదీ తప్పు కాదు బాబూ. ఆ ఇద్దరి పతకాలు తెచ్చి చూడండి, ఒకరిది పూర్వీ స్టార్, మరొకరిది పశ్చిమీ స్టార్ అయి ఉండాలని నా ఊహ. ఢాకాలో పాకిస్తాన్ సేన లొంగిపోయింది డిసెంబరు 16న. పశ్చిమ సరిహద్దులో కాల్పుల విరమణ అమలులోకి వచ్చింది 17వ తేదీ రాత్రి 8 గంటలకు. తూర్పున ఉన్న మనిషి ఆయుధం దించిన రోజున పశ్చిమాన బసంతర్ నది దగ్గర భీకరంగా యుద్ధం జరుగుతూనే ఉంది. ఇదే ఊళ్లో ఒక నావికుడు కూడా ఉండి ఉంటే తన యుద్ధం విశాఖపట్నం రేవు బయట, డిసెంబరు 3వ తేదీ అర్ధరాత్రి దాటాక పాకిస్తాన్ వారి ఘాజీ జలాంతర్గామి మునగడంతోనే మొదలైందని చెప్పేవాడు, అదీ నిజమే.

రికార్డు చేసేటప్పుడు ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టకుండా మొదట విడివిడిగా మాట్లాడించండి, తేదీ అడగడం కన్నా చోటు అడగండి. సిపాయికి తన ముందున్న రెండు మూడు వందల గజాల మేర కళ్లకు కట్టినట్టు గుర్తుంటుంది, ఆ పక్క బ్రిగేడ్ ఏం చేసిందో తరవాత విన్నదే. విన్నదాన్ని చూసినట్టు చెబితే దాన్ని అబద్ధం అనకండి, ‘ఇది మీరు చూశారా, చెప్పగా విన్నారా’ అని నెమ్మదిగా అడిగి రాసుకోండి. 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఇప్పటికీ అమలులో ఉంది కనుక, ఈమధ్యకాలం దాకా ఉద్యోగంలో ఉన్నవారిని దళాలు నిలిచిన చోట్ల గురించి, ఆయుధాల గురించి అడిగి ఇబ్బంది పెట్టకండి.

ప్రశ్న: మా మండలంలోని మాజీ సైనికులందరం ఏటా ఒక రోజు కలుసుకోవాలనుకుంటున్నాం. ఏ రోజు మంచిది?
– కొందరు మాజీ సైనికులు, టెక్కలి

జవాబు: వెటరన్స్ డే జనవరి 14న వస్తుంది. ఫీల్డ్ మార్షల్ కరియప్ప 1953లో పదవీ విరమణ చేసిన రోజు అది. కాని ఆ రోజున మన జిల్లాల్లో భోగి మంటో సంక్రాంతి పిండివంటలో వదిలి సభకు ఎవరు వస్తారు? డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినం, 16న విజయ్ దివస్ ఉన్నాయి. ఎండలు ఉండవు, వరికోతలు ఒక కొలిక్కి వస్తాయి కాబట్టి 16నే పెట్టుకోండి. ఉపన్యాసాలు రెండుకు మించకుండా చూడండి, బారాఖానాలో (అందరూ కలిసి తినే విందులో) భోజనం మాత్రం బాగుండాలి.

ప్రశ్న: మా నాన్నగారి పల్టన్ స్నేహితుడి కుటుంబం ఆచూకీ చివరకు దొరికింది. ఆయన మూడేళ్ల కిందట పోయారని వారి అబ్బాయి చెప్పాడు. నాన్నగారికి గుండె జబ్బు ఉంది. ఈ కబురు చెప్పాలా, దాచాలా?
– ఒక పాఠకుడు, రాజాం

జవాబు: చెప్పాలి. డాక్టరుగారితో ఒక మాట అనుకొని, పగటిపూట, ఇంట్లో నలుగురూ ఉన్నప్పుడు చెప్పండి. మన వైపు నేస్తం కట్టిన ఇంట్లో చావు జరిగితే కబురు దాచడం ఉంటుందా? దాచితే ఆయన ఆ ఉత్తరం కోసం ఎదురుచూస్తూనే ఉంటారు, తెలిసిన రోజున మీ మీద నమ్మకం పోతుంది. చావు కబురు వినడం, దాని తరవాత కూడా డ్యూటీకి నిలబడటం తెలిసిన మనిషి ఆయన.

కబురు చెప్పి ఊరుకోకుండా ఆ ఇంటావిడతో ఫోన్‌లో మాట్లాడించండి. భాష రాకపోయినా వారి అబ్బాయి మధ్యలో ఉండి హిందీలో చెబుతాడు. ఆమె భర్త వయసులో ఉన్నప్పుడు ఎలా ఉండేవాడో, ఏ పాట పాడేవాడో, ఏ రాత్రి ఎవరిని కాపాడాడో ఆ ఇంట్లో తెలిసినవారు లేకపోవచ్చు, మీ నాన్నగారికి తెలుసు. వీలైతే అవి ఒక కాగితం మీద రాయించి పంపండి.

ఆమెకు కుటుంబ పెన్షన్ వస్తున్నదో లేదో కూడా మాటల్లో కనుక్కోండి. పాతకాలంలో పెళ్లి వివరం పార్ట్ టూ ఆర్డర్‌లో (సిపాయి సొంత వివరాలు ఎక్కించే యూనిట్ ఉత్తర్వులో) నమోదు కాకపోవడం వల్లనో, సర్వీసు రికార్డులో ఉన్న భార్య పేరుకూ ఆధార్‌లోని పేరుకూ తేడా ఉండటం వల్లనో ఆగిపోయిన పెన్షన్లు నా చేతుల మీదుగా చాలా వెళ్లాయి. ఆగి ఉంటే భర్త డిశ్చార్జి బుక్కు, పెన్షన్ ఉత్తర్వు, మరణ ధ్రువపత్రం తీసుకొని వారి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లమని చెప్పండి. పేరు తేడాకు అఫిడవిట్ రాయించి, ఆ కార్యాలయం ద్వారానే రికార్డ్ ఆఫీసుకు పంపించాలి. నకళ్లు ఒక జత ఇంట్లో ఉంచుకోమనండి.