హోమ్ కేర్ ఏజెన్సీ ప్రతి నెలా జీతం ఆలస్యం చేస్తోంది, ఏం చేయాలి?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది: హైదరాబాద్‌లో ఒక ఏజెన్సీ తరఫున, పక్షవాతం వచ్చి మంచం పట్టిన పెద్దావిడ దగ్గర 24 గంటల డ్యూటీ చేస్తున్నారు. జీతం ఏ నెలా 20వ తేదీకి ముందు పడదు. ఇప్పుడు రెండు నెలలది ఆగిపోయింది. అడిగితే 'పార్టీ ఇంకా కట్టలేదు', అంటే ఆ ఇంటివాళ్లు ఇంకా డబ్బు కట్టలేదు అంటున్నారు. మానేస్తే ఆగిన డబ్బు పోతుందని భయం, ఆవిడను వదిలి వెళ్లడానికి మనసూ ఒప్పడం లేదు.

నేను ఇదే నగరంలో చాలా ఏళ్లు ఇళ్లలో అటెండెంట్‌గా పని చేశాను. ఆ 'పార్టీ కట్టలేదు' అన్న మాట నాకూ బాగా పరిచయం. ముందు దాని సంగతి చెబుతాను, ఎందుకంటే మిమ్మల్ని ఆపుతున్నది ఆ మాటే.

పార్టీ కట్టిందా, కట్టలేదా అన్నది ఏజెన్సీకీ ఆ కుటుంబానికీ మధ్య లెక్క. మిమ్మల్ని పనిలో పెట్టుకున్నది ఏజెన్సీ, ఏ ఇంటికి వెళ్లాలో చెప్పేది ఏజెన్సీ, జీతం ఎంతో తేల్చింది ఏజెన్సీ. కాబట్టి జీతం ఇవ్వవలసిందీ ఏజెన్సీయే. నెల జీతం మరుసటి నెల 7వ తేదీ దాటకుండా ఇవ్వాలని వేతనాల కోడ్ చెబుతోంది. 2019లో చేసిన ఈ చట్టం 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందున్న 1936 నాటి చట్టంలోనూ చిన్న సంస్థలకు గడువు 7వ తేదీయే. కాకపోతే అది నెలకు 24,000 రూపాయల లోపు జీతగాళ్లకే వర్తించేది, ఇప్పుడు ఆ పరిమితి లేదు. ఈ గడువుకు 'పార్టీ కట్టిన తర్వాత' అన్న షరతు ఎక్కడా లేదు.

పైగా చాలా ఏజెన్సీలు కుటుంబాల దగ్గర నెల డబ్బు ముందే తీసుకుంటాయి. నేను సైనిక్‌పురిలో ఒక పెద్దాయన దగ్గర చేస్తున్నప్పుడు, వాళ్ల అమ్మాయి ఒకరోజు వంటగదిలో నన్ను మామూలుగా అడిగింది, 'జీతం అందుతోందా అక్కా' అని. లేదన్నాను. ఆమె వెంటనే ఫోను తెరిచి చూపించింది. ఒకటో తేదీ ఉదయమే ఏజెన్సీ ఖాతాకు డబ్బు వెళ్లింది, వాళ్లు పంపిన రసీదు కూడా ఉంది. అదే నెల మా సూపర్‌వైజర్ నాతో 'ఆ ఇంటివాళ్లు మంచివాళ్లు కారమ్మా, డబ్బు దగ్గర ఏడిపిస్తున్నారు' అని చెప్పాడు. ఆ అబద్ధం వల్ల నేను చాలా రోజులుగా ఆ ఇంటివాళ్ల మీద లోలోపల కోపం పెంచుకుంటూ ఉన్నాను. నన్ను సొంత మనిషిలా చూసిన వాళ్ల మీద. అది ఇప్పటికీ నాకు బాధే.

అందుకని మీ ఇంటివాళ్లను ఒక్క ప్రశ్న అడగండి: ఏజెన్సీకి ఏ తేదీన కడుతున్నారు అని. కట్టిన రసీదు ఫోటో ఇస్తే తీసుకోండి. అంతకు మించి వాళ్లను మీ గొడవలోకి లాగవద్దు. ముఖ్యంగా ఆ పెద్దావిడ మంచం దగ్గర ఈ మాటలు అసలు వద్దు. పక్షవాతంతో మాట పోయినవాళ్లలో చాలామందికి వినికిడీ తెలివీ బాగానే ఉంటాయి. తన వల్ల ఎవరికో జీతం ఆగిందని ఆవిడ అనుకుంటే, ఆ దిగులు బయటికి చెప్పుకోను కూడా లేరు.

ఇక ఆధారాలు. ఫోనులో అడిగినది ఏదీ లెక్కలోకి రాదు. ప్రతి నెలా 8వ తేదీన వాట్సాప్‌లో ఒక సందేశం పెట్టండి. మర్యాదగా, కోపం లేకుండా, ఇలా ఉంటే చాలు: 'జూన్ నెల జీతం ఇన్ని రూపాయలు జూలై 7లోగా రావలసి ఉంది. నేటి వరకు అందలేదు. ఏ తేదీన జమ చేస్తారో దయచేసి తెలియజేయగలరు.' వాళ్లు ఫోను చేసి ఏదైనా తేదీ చెబితే, ఫోను పెట్టేయగానే 'ఇప్పుడు మీరు ఫోనులో చెప్పిన ప్రకారం 18వ తేదీన జీతం వేస్తారని అనుకుంటున్నాను' అని రాయండి. జవాబు రాకపోయినా పరవాలేదు. మీరు అడిగినట్టు తేదీతో సహా ఉండిపోతుంది. ఏజెన్సీ ఇచ్చిన కాగితం ఏదైనా సరే, డ్యూటీకి పంపిన సందేశం, ఇంటి చిరునామా పెట్టిన మెసేజ్, పాత జీతాలు పడిన బ్యాంకు ఎంట్రీలు, అన్నీ ఒకచోట దాచుకోండి. ఫోను పోతే అన్నీ పోతాయి కాబట్టి ఇంట్లో నమ్మకమైన మనిషికి కూడా పంపి ఉంచండి.

మన దగ్గర ఉండే గట్టి సాక్ష్యం ఒకటి చాలామందికి తట్టదు. మంచం పక్కన నోటుబుక్కు ఉంటుంది కదా, అందులో మనం ఏం రాస్తాం? ఉదయం బీపీ, తిన్న ముందూ తర్వాతా షుగర్, మూత్రం సంచిలో ఎన్ని మిల్లీలీటర్లు, ఏ మాత్ర ఎన్నింటికి, రెండు గంటలకోసారి ఏ పక్కకు తిప్పాం. రోజూ, మన చేతిరాతతో. ఏజెన్సీ రేపు 'ఈ అమ్మాయి సగం రోజులు రాలేదు' అంటే దానికి జవాబు ఆ పుస్తకమే. కింద మీ పేరు, డ్యూటీ ఎక్కిన సమయం, దిగిన సమయం తప్పకుండా రాయండి. అందులోని ఆరోగ్య వివరాలు ఆవిడవి, కాబట్టి పేజీలన్నీ ఫోటో తీసుకోవద్దు. మీ పేరూ తేదీలూ ఉన్న భాగం వరకే, అదీ ఇంటివాళ్లకు చెప్పి తీసుకోండి. విడిగా ఒక చిన్న డైరీలో డ్యూటీ తేదీలు మీరూ రాసుకోండి.

మీరు చేరేటప్పుడు సంతకం పెట్టిన కాగితంలో 'నేను ఉద్యోగిని కాను, స్వతంత్రంగా పని చేస్తున్నాను' అన్నట్టు ఏదైనా ఉందేమో చూడండి. ఈ మధ్య ఇది ఎక్కువైంది. ఉన్నా బెదిరిపోవద్దు. కాగితం మీద ఏం రాశారన్నదొక్కటే కాకుండా, డ్యూటీ ఎవరు వేశారు, సెలవు ఎవరిని అడగాలి, యూనిఫాం ఎవరిచ్చారు, డబ్బు ఎవరి ఖాతా నుంచి వచ్చింది అన్నవి కూడా చూస్తారు.

అడిగిన తర్వాత కూడా కదలిక లేకపోతే కార్మిక శాఖకు వెళ్లండి. రెండు నెలలు ఆగింది కాబట్టి ఇంకా ఓపిక పట్టమని నేను చెప్పను. ఏజెన్సీ ఆఫీసు ఏ ప్రాంతంలో ఉంటే ఆ ప్రాంతం చూసే సహాయ కార్మిక అధికారికి అర్జీ ఇవ్వాలి, మీరు పని చేసే ఇల్లు ఎక్కడుందన్నది కాదు. ఎవరో తెలియకపోతే ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దగ్గర అంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌లో అడిగితే చెబుతారు. అర్జీ తెలుగులోనే రాయండి. ఎప్పుడు చేరారు, నెలకు ఎంత, ఏయే నెలలవి రాలేదు, ఎన్నిసార్లు ఎలా అడిగారు, ఇంతే. రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద అందినట్టు ముద్ర, తేదీ వేయించుకోకుండా బయటికి రావద్దు.

కొత్త కోడ్‌లో మనకు పనికొచ్చేవి మూడున్నాయి. జీతం ఇచ్చామని రుజువు చేయవలసిన బాధ్యత యజమానిదే, ఇవ్వలేదని రుజువు చేసే భారం మీ మీద లేదు. క్లెయిమ్ వేయడానికి మూడేళ్ల వరకు గడువుంది, పాత చట్టంలో ఏడాదే ఉండేది. బకాయితో పాటు దానికి పది రెట్ల వరకు పరిహారం వేసే అధికారం కూడా విచారించే అధికారికి ఉంది. అంత వస్తుందని ఆశ పెట్టుకోవద్దు గానీ, ఆ సంగతి మీకు తెలుసని ఏజెన్సీకి తెలియడం మంచిది.

నా విషయంలో విచారణ దాకా పోలేదు. అధికారి ఆఫీసు నుంచి యజమానికి ఫోను వెళ్లింది. ఆ వారమే సగం పడింది, మిగతాది తర్వాతి నెలలో వచ్చింది. ఫోను వెళ్లిన రోజు సాయంత్రం యజమాని నన్ను పిలిచి, 'పెద్దవాళ్లకు సేవ చేసే పని ఇది, పుణ్యం, ఇందులో కూడా కేసులేమిటమ్మా' అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. రాత్రి మూడింటికి లేచి పక్క తడిసిందేమోనని చూసేది మనం. వీపు పుండు పడకుండా తిప్పేది మనం. ఆ పుణ్యం మీద కమీషన్ తీసుకునేది ఆయన. సేవ అన్న మాటను జీతం ఎగ్గొట్టడానికి వాడుకోవడం కంటే నీచం నాకు తెలియదు. మీతోనూ ఇలాగే మాట్లాడతారు. సిగ్గుపడవద్దు. మీరు దానం అడగడం లేదు.

లాయరు ఖర్చు గురించి భయపడవద్దు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. 15100కు ఫోను చేయండి, లేదా కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవాధికార సంస్థకు నేరుగా వెళ్లండి.

మానేయాలా అన్నది మీ ఇష్టం. మానితే ఆగిన డబ్బు పోతుందన్నది మాత్రం ఏజెన్సీలు పుట్టించిన భయం. మానేసినా, తీసేసినా రెండు పని దినాల్లో మొత్తం లెక్క తేల్చాలని అదే కోడ్ చెబుతోంది. '15 రోజుల జీతం డిపాజిట్‌గా ఉంచుకుంటాం' అనే అలవాటుకు చట్టంలో చోటు లేదు. మీ పదో తరగతి మెమో, ఆధార్ అసలు ప్రతులు వాళ్ల దగ్గర ఉంటే అర్జీలో అది కూడా రాయండి. అయితే ఒక్కటి: చెప్పకుండా డ్యూటీ వదిలి రావద్దు. ఫలానా తేదీ నుంచి రానని ముందే రాతలో ఇచ్చి, మీ బదులు డ్యూటీకి వచ్చే రిలీవర్ వచ్చాక, మందులూ ఆహారం గొట్టం సంగతులూ నోటుబుక్కు చూపించి అప్పగించి రండి. కదలలేని మనిషిని ఒంటరిగా ఉంచి వెళ్లడం మీరు ఎలాగూ చేయరని మీ ప్రశ్నలోనే తెలుస్తోంది. మీరు హడావిడిగా వెళ్లిపోతే ఏజెన్సీ మీ జీతం మాట పక్కనపెట్టి ఆ ఒక్క విషయమే పట్టుకుంటుంది.

ఇంటివాళ్లు 'ఏజెన్సీ మానేయ్, నేరుగా మేమే ఇస్తాం' అంటారు. చాలా ఇళ్లలో అంటారు, మనసారానే అంటారు. పాత బకాయి రాకముందు ఒప్పుకోవద్దు. ఏజెన్సీ కాగితాల్లో దానికి జరిమానా షరతు ఉంటుంది, దాన్ని మీ బకాయిలో కోసేయడానికి చూస్తారు. ఇంకో సంగతి, ఒక ఇంటివాళ్లు నేరుగా పెట్టుకున్నప్పుడు కార్మిక శాఖ దారి ఇంత సూటిగా ఉండదు. వెళ్లాలనుకుంటే జీతం తేదీ, సెలవులు, నిద్రపోయే వేళలు కాగితం మీద రాయించుకుని వెళ్లండి. అలాగే బకాయి తేలే వరకు ఇంటివాళ్ల దగ్గర అడ్వాన్సు తీసుకోవద్దు. వాళ్లు ఏజెన్సీకి కట్టేదాంట్లో తగ్గించుకుంటారు, ఏజెన్సీ మీకు ఇచ్చేశామంటుంది, చివరికి ఎవరు ఎంత ఇవ్వాలో తేలదు.

ఈలోగా ఇల్లు గడవాలి కదా. ఎక్కువ వడ్డీకి అప్పిచ్చి రోజూ వసూలు చేసే గిరిగిరి వాళ్ల దగ్గరికి మాత్రం వెళ్లకండి. నాతో చేసిన ఒక అమ్మాయి ఆలస్యమైన జీతం కోసం అప్పు చేసింది, జీతం వచ్చిన రోజే అది వడ్డీకి సరిపోయింది, అసలు అలాగే ఉంది. కొంచెం బంగారం ఉంటే బ్యాంకులో పెట్టడం నయం. మహిళా సంఘంలో ఉంటే వాయిదా తప్పకముందే వెళ్లి జీతం ఆగిందని చెప్పండి, ఆ వాట్సాప్ సందేశం చూపించండి. ఇంటి ఓనరుకు కూడా అంతే. తప్పిన తర్వాత చెప్పే కారణాన్ని ఎవరూ నమ్మరు.

పీఎఫ్, ఈఎస్‌ఐ అని కోస్తున్నారా? కోస్తుంటే పీఎఫ్ పాస్‌బుక్ ఉమంగ్ యాప్‌లో చూడండి. ఏ నెల డబ్బు ఆ మరుసటి నెల 15వ తేదీలోగా జమ కావాలి. కోసి కట్టకపోతే అది వేరే ఫిర్యాదు, దాన్ని జీతం అర్జీతో కలపకుండా పీఎఫ్ కార్యాలయంలో విడిగా ఇవ్వండి.

ఆస్పత్రిలోనో వృద్ధాశ్రమంలోనో కాంట్రాక్టరు కింద చేసేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, మీకు ఇంకో దారి ఉంది. కాంట్రాక్టరు జీతం ఇవ్వకపోతే ఆ ఆస్పత్రి యాజమాన్యమే ఇచ్చి అతని దగ్గర రాబట్టుకోవాలి. అర్జీలో ఇద్దరి పేర్లూ రాయండి.

మీ ఏజెన్సీలో ఇంకెవరికి జీతం ఆగిందో కనుక్కోండి. మనం ఒక్కొక్కరం ఒక్కో ఇంట్లో ఉంటాం కాబట్టి ఒకరి సంగతి ఒకరికి తెలియదు. రిలీవర్లకు తెలుస్తుంది, వాళ్లు అన్ని ఇళ్లూ తిరుగుతారు. ముగ్గురు నలుగురు కలిసి అర్జీ ఇస్తే 'ఈ అమ్మాయితోనే సమస్య' అనడానికి వీలుండదు.

అర్జీ రాసుకున్నాక పేర్లు, ఫోను నంబర్లు తీసేసి ఇక్కడ పెట్టండి. చూసి, ఎక్కడైనా సరిదిద్దాలంటే చెబుతాను.