యూరప్ రెస్టారెంట్లలో నీళ్లు, ఐసు ఎలా అడగాలి?

వచ్చే నెల అమ్మానాన్నలతో యూరప్ వెళ్తున్నానని, అక్కడ మంచినీళ్లకు కూడా బిల్లు వేస్తారట నిజమేనా అని, ఐసు అడిగితే అదోలా చూస్తారట ఎందుకని ఒకరు అడిగారు. చదువుకునే రోజుల్లో లండన్‌లో సాయంత్రాలు ఒక రెస్టారెంట్‌లో వెయిటర్‌గా చేశాను, తర్వాత ఉద్యోగం పని మీద ఫ్రాన్స్, జర్మనీ, ఇటలీ బాగానే తిరిగాను. కాబట్టి వడ్డించేవాడి వైపు నుంచీ, బిల్లు కట్టేవాడి వైపు నుంచీ కూడా చెప్పగలను.

మీరు కూర్చోగానే వచ్చి "స్టిల్లా, స్పార్క్లింగా?" అంటారు, అంటే గ్యాస్ లేని నీళ్లా, గ్యాస్ బుడగలున్నవా అని. కిటుకంతా ఆ ప్రశ్నలోనే ఉంది. గ్యాస్ లేనివి చాలు కదా అని చాలామంది "స్టిల్" అనేస్తారు, వెంటనే గాజు సీసా వచ్చేస్తుంది, మూత తీశాక అది మీ ఖాతాలోదే. మాకు పనిలో చేరిన మొదట్లోనే చెప్పారు, ఉన్నవి ఆ రెండే అన్నట్టు అడగాలి, ట్యాప్ వాటర్ అనే మాట ముందుగా మన నోటి నుంచి రాకూడదు అని. అయితే కస్టమర్ తనే అడిగితే మాత్రం మారుమాట లేకుండా జగ్గుతో తెచ్చి పెట్టేవాళ్లం, ఎందుకంటే ఇంగ్లండ్‌లో మద్యం అమ్మే లైసెన్సు ఉన్న చోట అడిగినవాళ్లకు తాగేనీళ్లు ఉచితంగా ఇవ్వాలని 2010 నుంచి రూలుంది. మోసం అనలేం గానీ, ఆ ప్రశ్న అలా అడగడం ఊరికే అలవాటైపోయి కాదు. సీసా నీళ్లకు వంటవాడు అక్కర్లేదు, పొయ్యి అక్కర్లేదు, మూత తీస్తే డబ్బు.

ఒకటి గమనించండి. సీలు మీ టేబుల్ దగ్గరే, మీ కళ్ల ముందే తీయాలి. తీసిన సీసా తెస్తే మార్చమనండి, ఎవరూ ఏమీ అనుకోరు. కొన్నిచోట్ల మాత్రం తీగ క్లిప్పున్న మూతతో, లేబుల్ లేని అందమైన సీసా వస్తుంది, అది అక్కడే కుళాయి నీళ్లను ఫిల్టర్ చేసి నింపింది. తప్పేం లేదు, కానీ దానికీ డబ్బు వేయొచ్చు, మెనూలో ఒకసారి చూసుకోండి.

దేశాన్ని బట్టి లెక్క మారుతుంది. ఫ్రాన్స్ ఈ విషయంలో చాలా నయం. భోజనం ధరలోనే నీళ్లు, బ్రెడ్డు కలిసి ఉండాలని 1967 నాటి ఉత్తర్వు ఉంది, ఉచితంగా నీళ్లు అడగొచ్చని మెనూలోనో బోర్డు మీదో కనిపించేలా రాయాలని 2022 జనవరి నుంచి చట్టమే ఉంది. "ఉన్ కరాఫ్ దో, సిల్ వూ ప్లే" (ఒక జగ్గు నీళ్లు ఇవ్వండి) అనండి చాలు, వాళ్లకు ఇది రోజూ వినే మాట. స్పెయిన్‌లో కూడా 2022లో ఇలాంటి చట్టం వచ్చింది. జర్మనీలో అలాంటి రూలు లేదు, కుళాయి నీళ్లు అడిగితే కొందరు ఇస్తారు, కొందరు కుదరదంటారు, డబ్బు తీసుకునేవాళ్లూ ఉన్నారు. పైగా అక్కడ ఊరికే "వాటర్" అంటే చాలాసార్లు బుడగల నీళ్లే వస్తాయి, పెద్దవాళ్లు ఒక గుక్క తాగి పక్కన పెట్టేస్తారు, అందుకే "ష్టిలెస్ వాసర్" (గ్యాస్ లేని నీళ్లు) అని విడమరిచి చెప్పండి. ఇటలీలో దాదాపు అందరూ సీసానే తీసుకుంటారు, దానికి పెద్దగా బాధపడక్కర్లేదు. బిల్లులో "కోపెర్తో" అని, టేబుల్ దగ్గర కూర్చున్నందుకు తలకింత కనిపిస్తుంది చూడండి, అది కట్టాం కదా నీళ్లు అందులోనే అనుకోకండి, నీళ్ల లెక్క వేరే.

ఇక ఐసు. అమెరికాలో అడగకముందే గ్లాసు నిండా ఐసు పోసి నీళ్లు పెడతారు, అదీ ఫ్రీగా. ఆ అలవాటు వెనక చాలా పాత వ్యాపారం ఉంది: అక్కడి చలి ప్రాంతాల చెరువుల్లో గడ్డకట్టిన మంచును కోసి 1806లోనే బోస్టన్ నుంచి కరీబియన్ దీవి మార్టినీక్‌కు ఓడలో పంపాడు ఫ్రెడరిక్ ట్యూడర్ అనే వ్యాపారి. యూరప్‌లో ఆ మోజు అంతగా లేదు. ఐసు ఎక్కువైతే డ్రింకు తక్కువ పోసి మోసం చేశారనుకునేవాళ్లే ఎక్కువ. జర్మనీలో గ్లాసు మీద 0.2, 0.3 లీటర్ల గీత ఉంటుంది, పోసింది ఆ గీతను అందుకోవాలి.

వెయిటర్‌కి ఐసంటే ఇంకో తలనొప్పి కూడా ఉంది. కౌంటర్ కింద ఐసు తొట్టిలోంచి స్కూపుతోనే తీయాలి, గ్లాసుతో తోడకూడదు. రద్దీలో ఎవరైనా గ్లాసుతో తోడి అంచు చిట్లిందంటే, గాజుముక్కకీ ఐసుముక్కకీ తేడా కనపడదు కాబట్టి తొట్టి మొత్తం వేడినీళ్లు పోసి కరిగించి, తుడిచి, మళ్లీ నింపాలి. శుక్రవారం రాత్రి ఆ పని పడితే ఉంటుంది చూడండి, బార్ దగ్గర అందరి మొహాలూ మాడిపోతాయి!

మీకు ఐసు కావాలంటే మొహమాటపడకుండా వేరే గ్లాసులో అడగండి, తెస్తారు. కుళాయి నీళ్లు నమ్మలేని దేశం వెళ్తే మాత్రం ఐసు మానేయండి, గడ్డకట్టినంత మాత్రాన క్రిములు చావవు. అలాంటి చోట నేను స్పార్క్లింగే చెప్తాను, ఖాళీ సీసాలో మామూలు నీళ్లు నింపి తెచ్చారేమోనన్న టెన్షన్ ఉండదు, మూత తీయగానే బుస్సుమనకపోతే తెలిసిపోతుంది.